నట్టు మీద పసుపు చుక్క

మా వీధి నుంచి అత్తిబెలె చెక్‌పోస్టు దాకా పోయి తిరిగి వస్తే డెబ్బై ఎనిమిది కిలోమీటర్లు. ఈ లెక్క ఎవరో చెప్పింది కాదు, నా బండి మీటరు చూసి రాసుకున్నది. బెంగుళూరు కె.ఆర్.పురం స్టేషను వెనక మా సందు చివర ఒక మేస్త్రి మోటారు సైకిళ్ల షాపు నడిపేవాడు. ఏ బండి ఇంజను విప్పి బిగించినా, దాన్ని తానే అత్తిబెలె దాకా నడిపి, అక్కడ ఒక టీ తాగి, వెనక్కి తెచ్చిన తరవాతే తాళంచెవి మన చేతిలో పెట్టేవాడు. రాష్ట్రం పొలిమేర దాకా పోయి వచ్చిన బండి ఇక ఎక్కడికైనా పోతుందని ఆయన నమ్మకం. 'అత్తిబెలె చూసొచ్చిందక్కా' అన్నాడంటే పని ముగిసినట్టు. అంతకు మించిన గ్యారంటీ ఆ షాపులో ఎవరూ అడిగేవాళ్లు కాదు.

నాది చిన్న చక్రాల మోటారు సైకిలు. ఇప్పుడు వీటిని మినీ బైకులంటున్నారు, పాతవి ఎక్కడున్నాయో వెతికి మరీ కొంటున్నారు. 1979లో నేను కొన్నప్పుడు మాత్రం, పొట్టిగా ఉందని మగవాళ్లెవరూ ముట్టుకోక అంగడి మూలన దుమ్ము పట్టి ఉండేది. నా ఎత్తు నాలుగడుగుల పది అంగుళాలు. కూర్చుంటే రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనే మోటారు సైకిలు నాకు అదొక్కటే దొరికింది. చీరకు మోకాళ్ల కింద రెండు పిన్నులు పెట్టుకొని ఇరవై ఏళ్లు దాని మీదే ఫ్యాక్టరీకి పోయాను. మొదట్లో సర్కసు వచ్చిందని వీధిలో నవ్వారు. నేను పెళ్లి చేసుకోలేదు కాబట్టి, వద్దని చెప్పే హక్కున్న మనిషి ఇంట్లో లేడు.

ఫ్యాక్టరీలో నాది ఇన్‌స్పెక్షన్ సెక్షను. ట్రేలలో వచ్చిన ప్రతి భాగాన్నీ గేజితో కొలవాలి. కొలత సరిపోతే అగ్గిపుల్లతో పసుపు రంగు చుక్క, సరిపోకపోతే ఎర్ర చుక్క. పసుపు చుక్క పడిన దాన్ని ఆ తరవాత ఎవరూ మళ్లీ కొలవరు. ఇరవై తొమ్మిదేళ్లు ఆ పని చేసిన మనిషి ఇంట్లో ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. పెట్రోలు పోయించిన ప్రతిసారీ తేదీ, లీటర్లు, కలిపిన ఆయిలు, మీటరు అంకె ఒక నోటుపుస్తకంలో రాసేదాన్ని. లీటరుకు నలభై మిల్లీలీటర్ల ఆయిలు. యాభై పోస్తే పొగ, ముప్పై పోస్తే ఇంజను పట్టేస్తుంది. ఆ పుస్తకాలు ఏడూ ఇప్పటికీ నా దగ్గరున్నాయి.

మేస్త్రి నాకంటే ఆరేళ్లు చిన్నవాడు. మాలాగే తాతల కాలం నుంచీ బెంగుళూరులో ఉన్న తెలుగువాళ్లు. నన్ను అక్కా అనేవాడు. పాత చిన్న బండ్ల మీద ఆయనకు ప్రత్యేకమైన మమకారం. పెద్ద బండి అయితే గొడ్డును దొడ్డికి తోలినట్టు షాపులోకి తోసేవాడు. మినీ బైకు వస్తే మాత్రం రెండు చేతులతో ఎత్తి బల్ల మీద పెట్టేవాడు. 'పెద్ద బండి తప్పు చేస్తే శబ్దం చేస్తాదక్కా. ఇది మనసులోనే పెట్టుకుంటాది' అనేవాడు.

1999లో ఫ్యాక్టరీ నుంచి స్వచ్ఛందంగా పదవీ విరమణ చేశాను. 2002 డిసెంబరులో నా బండికి పిస్టన్ రింగులు మార్చాల్సి వచ్చింది. షాపులో వదిలేటప్పుడు మీటరు అంకె రాసుకున్నాను. అయిదో రోజు బండి తెచ్చుకోవడానికి పోయాను.

"అత్తిబెలె పోయొస్తివాప్పా?" అని అడిగాను.

"పోయొస్తినక్కా. టీ గూడా తాగితిని. ఆ టీకొట్టు నా కొడుకు చక్కెర రొంత ఎక్కువేసినాడు."

ఇంటికొచ్చి మీటరు చూశాను. నాలుగు కిలోమీటర్లు తిరిగింది.

అంతకు ముందు ఆ బండి ఇంజను ఆరుసార్లు విప్పారు. ఆరుసార్లూ పుస్తకంలో డెబ్బై ఏడు, డెబ్బై ఎనిమిది అని ఉంది. నాకు కోపం రాలేదనను. ఇరవై మూడేళ్లుగా నేను బండి అప్పగించిన మనిషి నా ముఖం చూసి అబద్ధం చెప్పాడు, పైగా చక్కెర సంగతి కూడా కల్పించాడు. ఇంకేం తప్పులు చేశాడో చూద్దామని ప్లగ్గు విప్పి గేజి పెట్టాను. ఉండాల్సిన సందు అర మిల్లీమీటరు, ఉన్నది దాదాపు దానికి రెండింతలు. తరవాత ముందు చక్రం ఇరుసు నట్టు పట్టుకొని చూశాను. పానా అక్కర్లేకుండానే, నా వేళ్లకే పావు చుట్టు తిరిగింది.

అప్పుడు కోపం పోయి భయం వేసింది. ఆయన బద్ధకస్తుడైతే నాకు తెలియాలి కదా. ఆయన చేతిలో ఏ నట్టూ ఎప్పుడూ వదులుగా ఉండేది కాదు.

మరునాడు ఉదయం, ఆయన సామాన్లు కొనడానికి టౌనుకు పోయిన వేళ, షాపు వెనక ఇంటికి పోయాను. ఆయన భార్య గడపలో కూర్చొని అవరె చిక్కుడుకాయలు ఒలుస్తోంది. నేను నట్టు సంగతి చెప్పాను. ఆమె కాయలు ఒలవడం ఆపలేదు.

"మీకు తెలిసిపోతాదని నేను ముందే అంటి వదినా. షుగరు కంట్లోకి దిగిండాది. ఎడమ కన్ను పూర్తిగా లేదు. కుడి కంట్లో నడాన మబ్బు ఉండాదంట, పక్కన స్వల్ప కనిపిస్తాదంట. ఎవరికీ చెప్పొద్దని తన తల మీద నా చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకున్నాడు."

"డాక్టరేమన్నాడు?"

"ఉన్నది నిలుపుకోండి, పోయింది రాదు అనె."

"మరి షాపు?"

"తిండికి మాకేం భయం లేదు. బిడ్డ పంపిస్తా ఉండాది, మేడ మీద బాడుగ వస్తాది. షాపు మూస్తే ఈ మనిషి ఉంటాడా అనేదే నా బేజారు. పొద్దున లేస్తే ఆ బల్ల దగ్గరికి పోవాల. లేకుంటే గోడ తట్టు తిరిగి పండుకుంటాడు. పోయిన నెల మూడు దినాలు పండుకునె, నేను చూస్తిని." ఒలిచిన గింజలు చేటలోకి జారవిడిచి, అప్పుడు నా వైపు చూసింది. "మీరు ఫ్యాక్టరీలో ఇదే పని చేస్తిరి గదా వదినా. సుమ్నే, ఊరికే వచ్చి కూర్చున్నట్టు కూర్చోండి. ఆయన మధ్యాన్నం తినేదానికి లోపలికి వస్తాడు. ఆ పొద్దులో బండ్లు ఒకసారి చూడండి. ఆయనకు తెలియనక్కర్లేదు."

టీలో చక్కెర గురించి ఆమెను అడిగాను. రెండేళ్లుగా చక్కెర వేసిన టీ ముట్టలేదని చెప్పింది.

నేను ఒప్పుకున్నాను. ఆ నిమిషంలో అది మంచి పనే అనిపించింది. ఒక మనిషి పరువు, ఎవరో బండి మీద పోయేవాళ్ల ప్రాణం, రెండూ నిలుస్తాయి కదా అనుకున్నాను.

2003 జనవరి నుంచి రోజూ పదకొండున్నరకు షాపు ముందు స్టూలు మీద కూర్చునేదాన్ని. ముందర ఒక పత్రిక తెరిచి పెట్టుకునేదాన్ని. ఒంటి గంటకు ఆయన లోపలికి పోయేవాడు, నలభై నిమిషాల తరవాత వచ్చేవాడు. ఆ నలభై నిమిషాల్లో, ఆ రోజు పోవాల్సిన బండి ఇరుసులు, హ్యాండిలు, బ్రేకు రాడ్డు, ఫుట్‌రెస్టు అన్నీ పానా పెట్టి చూసేదాన్ని. బండికి తొమ్మిది చోట్లు. చూసిన చోట అగ్గిపుల్లతో ఒక పసుపు చుక్క పెట్టేదాన్ని. చుక్క లేకపోతే ఏది చూశానో ఏది చూడలేదో నాకే గుర్తుండదు. అలవాటు.

రెండేళ్లకు కొంచెం తక్కువ కాలంలో రెండు వందల పన్నెండు బండ్లు చూశాను. అరవై ఒక్క చోట్ల నట్టు వదులుగా దొరికింది. అవన్నీ పుస్తకంలో ఉన్నాయి.

చుక్కలేమిటని గిరాకీలు అడిగితే ఆయన భార్య పూజ పసుపు అని చెప్పేది. ఆయుధపూజకు బండ్లకు బొట్లు పెట్టే ఊరు కనుక ఎవరూ మరో మాట అడగలేదు. ఒకరోజు మేస్త్రి ఒక బండి ఇరుసుకు కుడి కన్ను బాగా దగ్గరగా, కొంచెం పక్కగా పెట్టి చూస్తూ అన్నాడు: "ఈ నడుమ నా బండ్లకు బొట్లు ఎక్కువైపోతా ఉండాయే. నేను అన్నం తినే పొద్దులో ఎవరో అమ్మవారు వచ్చిపోతా ఉన్నట్టుండాది."

నేను పత్రిక చూస్తూనే ఉన్నాను. ఆయన నవ్వలేదు. నేనూ నవ్వలేదు. ఆయనకు తెలుసని నాకు తెలిసింది, నాకు తెలిసిందని ఆయనకూ తెలిసింది. ఇద్దరం ఇక ఆ మాట ఎత్తలేదు. ఎత్తకపోవడమే మర్యాద అనుకున్నాం.

ఇంకొకటి కూడా మారింది. తానే అత్తిబెలె పోవడం మానేసి గిరాకీనే పొమ్మనేవాడు. "మీ బండి, మీ చెయ్యి. అత్తిబెలె దాకా పోయి టీ తాగి రాండి. ఏమన్నా ఉంటే సరిచేస్తా" అనేవాడు. అందరికీ అది ముచ్చటగా ఉండేది. సాయంత్రం వచ్చి టీ ఎలా ఉందో చెప్పేవాళ్లు.

2004 ఆగస్టులో ఒక అమ్మాయి వచ్చింది. ఇరవై ఆరేళ్లుంటాయి. ఖమ్మం వైపు వాళ్లు, బెళ్ళందూరులో సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పని. వాళ్ల నాన్న వాడిన పాత మినీ బైకు రైలు పార్సిల్లో వస్తే, స్టేషను దగ్గర ఎవరో ఈ షాపు పేరు చెప్పారట. గోనెపట్టా విప్పితే నా బండి లాంటిదే, దానికంటే రెండేళ్ల ముందుది. ట్యాంకు అడుగు తుప్పు పట్టి జల్లెడ అయిపోయింది.

"అంకుల్, మా నాన్న నన్ను స్కూల్‌కి దీని మీదే దింపేవారు. ఆయనకి మోకాళ్లు పోయాయి, ఇక నడపలేరు. నేను నడుపుతూ వీడియో తీసి పంపిస్తానని ప్రామిస్ చేశాను. అవుతుందా?"

మేస్త్రి బండిని రెండు చేతులతో తడిమాడు. హ్యాండిలు మెడ, ఇంజను రెక్కలు, చక్రం కమ్మీలు ఒక్కొక్కటి. "అవుతాది తల్లీ. మూడు నెలలు ఇయ్యి."

ఆ మూడు నెలలు ఆయన్ని చూసినవాళ్లెవరూ కళ్లు లేని మనిషి అనరు. ఇంజను మొత్తం వేళ్లతోనే విప్పి వేళ్లతోనే కట్టాడు. అమ్మాయి ప్రతి శనివారం వచ్చి, నా పక్కన ఇంకో స్టూలు వేసుకొని కూర్చునేది. నా బండి పుస్తకాలు చూసి, "ఆంటీ, మీరు మా టీమ్‌లో ఉంటే మాకు ఒక్క బగ్ కూడా వచ్చేది కాదు" అంది. బగ్ అంటే పని లోపల దాగి ఉండే తప్పు అని వివరించింది. నాకు గర్వంగానే అనిపించింది.

నవంబరులో ఒక శుక్రవారం మధ్యాహ్నం, మేస్త్రి అన్నానికి పోయినప్పుడు ఆ బండి తొమ్మిది చోట్లా చూశాను. అన్నీ బిగించాను. తొమ్మిది చుక్కలు పెట్టాను. ముందు ఇరుసు నట్టు మీద పెట్టినప్పుడు టైము ఒంటి గంట ఇరవై.

శనివారం పదకొండున్నర దాటాక అమ్మాయి హెల్మెట్టు పట్టుకొని వచ్చింది. మేస్త్రి బండి పక్కన గొంతుకూర్చొని ముందు ఇరుసుకు కన్ను దగ్గరగా పెట్టి చూశాడు. నట్టు మీద చుక్కను బొటనవేలితో తడిమాడు. "అయిండాది" అన్నాడు, తనలో తాను అనుకున్నట్టు. నేను అయిదడుగుల దూరంలో ఉన్నాను. చుక్క నాకూ కనిపించింది.

"అత్తిబెలె పోయి టీ తాగి రా తల్లీ."

"చక్కెర ఎక్కువేస్తాడంట కదా అంకుల్?"

"వేస్తాడు. వద్దని చెప్పు."

బండి మొదటి తన్నుకే లేచింది. సందు మలుపు తిరిగేదాకా ఆయన తల పక్కకు వంచి శబ్దం విన్నాడు. మధ్యాహ్నం రెండున్నరకు ఫోను వచ్చింది. అత్తిబెలె ఇంకా రెండు కిలోమీటర్లు ఉందనగా, రోడ్డు మీద హంపు ఎక్కి దిగేటప్పుడు ముందు చక్రం పక్కకు ఒరిగి, అమ్మాయి పడిపోయింది. కాలర్ ఎముక, ఎడమ మణికట్టు విరిగాయి. వెనకాల వస్తున్న లారీ డ్రైవరు బ్రేకు వేశాడు కాబట్టి అంతటితో పోయింది.

బండిని టెంపోలో సోమవారం తెచ్చారు. ముందు ఇరుసు మీద నట్టు చివరి రెండు మరల దగ్గర వేలాడుతోంది. పసుపు చుక్క చెక్కు చెదరకుండా ఉంది.

మేస్త్రి నట్టును వేళ్ల మధ్య తిప్పాడు. రెండేళ్లలో మొదటిసారి నేరుగా అడిగాడు.

"మీరు బిగించలేదా అక్కా?"

"శుక్రవారం మధ్యాన్నం బిగించినానప్పా. మళ్లా నువ్వేమన్నా విప్పితివా?"

ఆయన నట్టు మీద నుంచి చెయ్యి తీశాడు. "సాయంత్రం ట్యూబు గాలి పోయుండె. చక్రం విప్పి అతుకు వేసి మళ్లా పెడితిని. నట్టు చేత్తో ఎక్కిస్తిని, పానాతో తరవాత బిగిద్దామని. ఎవరో పిలిస్తే లేస్తిని. పొద్దున చూస్తే చుక్క ఉండె." ఆగి, మళ్లీ అన్నాడు. "మీ చుక్క ఉండె గదా అని విడిచిపెడితిని."

తప్పు ఎక్కడ ఉందో నాకు అక్కడికక్కడే తెలిసింది. ఫ్యాక్టరీలో మేము చుక్క పెట్టేది ట్రేలో ఉన్న విడి భాగం మీద. అది దాని కొలతకు గుర్తు. బిగింపుకు చుక్క పనికిరాదు. నట్టు మీద నుంచి ఇరుసు కొన దాకా గీత గీయాలి. నట్టు ఒక్క రవ్వ తిరిగినా గీత తెగుతుంది, తెగితే గుడ్డివాడి వేలికి కూడా తెలుస్తుంది. ఇది అసెంబ్లీ సెక్షనులో మొదటి వారం చేరినవాళ్లకు నేర్పేది. పక్క హాలులో ఇరవై తొమ్మిదేళ్లు చూశాను. అదీ కాక, విప్పిన దాని మీద పాత చుక్క గీకేయాలన్నది మా నియమం. ఆయనకు ఆ నియమం చెప్పాలంటే చుక్క నాదని ముందు ఒప్పుకోవాలి. మర్యాద కోసం నోరు మూసుకున్నాను.

మూడు వారాల తరవాత అమ్మాయి చేతికి కట్టుతో వచ్చింది. కేకలు వేయలేదు. వేసి ఉంటే బాగుండేది. ఆయన భార్య గడపలో నిలబడింది, నేను స్టూలు మీద ఉన్నాను.

"అంకుల్, ఆ నట్ లూజ్‌గా ఉందని టెంపోలో బండి ఎక్కించినవాళ్లు చెప్పారు. ఎవరు టైట్ చేశారు?"

"నేనే తల్లీ" అన్నాడు మేస్త్రి. లేచి నిలబడ్డాడు. "నాకు కండ్లు లేవు. రెండేండ్ల పైనాయె. ఎవరికీ చెప్పలేదు."

ఆయన భార్య చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"కనపడకుండానే నన్ను అంత దూరం పంపించారా?" అమ్మాయి గొంతు పెరగలేదు. "మా నాన్నకి ఏం చెప్పమంటారు?"

"ఉన్నది చెప్పు తల్లీ. గుడ్డోడు కట్టినాడని చెప్పు."

అమ్మాయి నా వైపు తిరిగింది. "ఆంటీ, మీరు రోజూ ఇక్కడే ఉంటారు కదా. మీకు తెలీదా?"

నాకు అరవై ఏళ్లు. అంతవరకు ఒక్క కొలత తప్పు రాయలేదు. మేస్త్రి నా వైపు తల తిప్పాడు, తన కన్ను పనిచేసే కోణానికి.

"నేను సుమ్నే కూర్చుంటానమ్మా" అన్నాను.

ఆయన కాదనలేదు. అమ్మాయి ఆ నెలలోనే బండిని మళ్లీ గోనెపట్టాలో కట్టించి ఖమ్మం పంపేసింది. ఆమె వచ్చిపోయిన తరవాతి సోమవారం నుంచి షాపు తలుపు తెరవలేదు. రెండు నెలలకు, నిజం చెప్పాలని బెళ్ళందూరులో ఆమె ఆఫీసుకు పోయాను. గేటు దగ్గర ఆమె ఉద్యోగం మానేసిందని చెప్పారు. ఎక్కడికి పోయిందో చెప్పలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. నట్టు వదిలింది ఆయన చెయ్యి. దాన్ని చూడనివ్వకుండా చేసింది నా చుక్క. ఎవరి వంతు ఎంత అని చాలాసార్లు లెక్క వేశాను. ఆయన తన వంతు ఒప్పుకున్నాడు, నా వంతు కూడా మోశాడు.

షాపు మూసిన తరవాత ఆయన మూడు నెలలు గోడ వైపు తిరిగి పడుకున్నాడు, భార్య భయపడినట్టే. తరవాత మెల్లగా ముందు మెట్టు మీద కూర్చోవడం మొదలుపెట్టాడు. 2005 ఏప్రిల్లో నా బండి ముందు టైరు అరిగిపోయింది. వేరే షాపుకు ఇవ్వడానికి మనసొప్పక, ఆయన మెట్టు ముందే నేలమీద గోనె పరుచుకొని చక్రం నేనే విప్పి, కొత్త టైరు వేసి బిగించాను. ఆయన ఏం చేయాలో చెబుతూ కూర్చున్నాడు. నట్టు మీద నుంచి ఇరుసు దాకా పసుపు గీత గీశాను. ఆయన వేలు పట్టుకొని గీత మీద పెట్టాను.

"ఇది మంచిగుండాదక్కా" అన్నాడు. కొంచెంసేపు వేలు అక్కడే ఉంచాడు. "సరే, అత్తిబెలె పోయి రాండి."

బయలుదేరాను. రెండు కిలోమీటర్లు పోయేసరికి ముందు ఒక హంపు వచ్చింది. బ్రేకు వేసి, బండి పక్కకు ఆపి, దిగి, నట్టు చూశాను. గీత తెగలేదు. అయినా ఆ హంపు దాటలేకపోయాను. ఒక బేకరీ ముందు రెండున్నర గంటలు కూర్చొని, తిరిగి వచ్చాను.

"పోయొస్తిరా?"

"పోయొచ్చినానప్పా."

"టీ తాగితిరా?"

"తాగినాను."

ఆయన మెట్టు దిగి, తడుముకుంటూ వచ్చి, ఇంజను రెక్కల మీద అరచెయ్యి ఆనించాడు. డెబ్బై ఎనిమిది కిలోమీటర్లు తిరిగిన ఇంజను మీద ఎవరూ అంతసేపు చెయ్యి పెట్టలేరు. ఆయన పెట్టి, అలాగే ఉంచాడు.

"మంచిదక్కా" అన్నాడు.